చుక్క కింద చుక్క పెట్టినా దశాంశాల లెక్క ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న: మా బాబు ఆరో తరగతి. మామూలు కూడికలు, తీసివేతలు బాగానే చేస్తాడు. దశాంశాలు వచ్చేసరికి 3.4 + 2.15 ఇస్తే 5.19 అని, 6 − 2.38 ఇస్తే 4.38 అని వేస్తున్నాడు. చుక్క కింద చుక్క పెట్టి చెయ్యమని రోజూ చెప్తున్నాను. అయినా మళ్లీ అవే తప్పులు. ఇది అశ్రద్ధా? ట్యూషన్ పెట్టించాలా? పరీక్షలు దగ్గర పడుతుంటే టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

అశ్రద్ధ కాదండీ. అశ్రద్ధతో వచ్చే తప్పులకు ఒక తీరంటూ ఉండదు. ఇవాళ ఒకలా ఉంటాయి, రేపు ఇంకోలా ఉంటాయి. మీ బాబు చేసిన రెండు తప్పులూ ఒకే ఆలోచనలోంచి వచ్చాయి. ఆ ఆలోచన ప్రకారం చూస్తే అతను లెక్క శుభ్రంగానే చేశాడు. అందుకే మీరు ఎన్నిసార్లు చెప్పినా మారడం లేదు. ఆరు, ఏడు తరగతులకు చాలా ఏళ్లు లెక్కలు చెప్పాను. ఈ 5.19 నాకు బాగా పరిచయమైన జవాబు. ట్యూషన్ అవసరం లేదు, ఇంట్లోనే సరిచేయొచ్చు. కాకపోతే ముందు అతను మనసులో ఏం అనుకుంటున్నాడో మనం పట్టుకోవాలి.

3.4 + 2.15 చూద్దాం. అతను 3కి 2 కలిపి 5 వేశాడు. 4కి 15 కలిపి 19 వేశాడు. మధ్యలో చుక్క పెట్టాడు. అతని దృష్టిలో చుక్క ఒక గోడ. గోడకు ఇటు ఒక సంఖ్య, అటు ఇంకో సంఖ్య. ఎవరి లెక్క వాళ్లది. రెండో లెక్కలోనూ అంతే. 6లోంచి 2 తీస్తే 4. గోడకు అవతల 38 ఉంది, దాని పైన ఏమీ లేదు కాబట్టి దాన్ని అలాగే దింపేశాడు. 4.38 వచ్చింది.

ఇప్పుడు మీరు చెప్పే సూత్రం సంగతి. అతని నోటుబుక్ తెరిచి చూడండి. 3.4 కింద 2.15 రాసినప్పుడు చుక్క కింద చుక్క సరిగ్గానే ఉండి ఉంటుంది. తేడా ఎక్కడంటే, 4ను తీసుకెళ్లి 15లోని 5 మీద పెట్టి ఉంటాడు, మామూలు కూడికల్లో కుడి పక్కకు సర్ది రాసే అలవాటు కొద్దీ. అంటే మీరు చెప్పిన మాట అతను వింటున్నాడు. చుక్కలు కలిశాయి, స్థానాలు కలవలేదు. చుక్కను అసలు పట్టించుకోకుండా మొత్తం సంఖ్యనే కుడికి సర్ది రాసే పిల్లలు వేరే ఉంటారు. వాళ్లకు ఇదే లెక్క ఇస్తే 34, 215 కలిపి 249 చేసి, 2.49 అని జవాబిస్తారు. చుక్క కింద చుక్క అనే మాట పనికొచ్చేది వాళ్లకు. మీ బాబుకు వచ్చింది 5.19 కాబట్టి అతని ఇబ్బంది వేరు, మందు కూడా వేరే ఉండాలి.

ఆ ఇబ్బంది ఏమిటంటే, చుక్క తర్వాత ఉన్న 15ను అతను పదిహేను అనుకుంటున్నాడు. అది పదిహేను కాదు. అందులో 1 అంటే ఒక పదో వంతు, 5 అంటే ఐదు వందో వంతులు. 3.4లో ఉన్న 4 నాలుగు పదో వంతులు. పదో వంతుల్ని పదో వంతులతోనే కలపాలి కాబట్టి 4 వెళ్లి 1తో కలవాలి, 5తో కాదు. ఈ ఒక్క సంగతి మనసుకు ఎక్కితే కూడిక, తీసివేత, సున్నాలు చేర్చడం, అప్పు తీసుకోవడం అన్నీ తమంతట తామే దారిలో పడతాయి. ఇది ఎక్కకుండా ఎన్ని సూత్రాలు బట్టీ పట్టించినా పరీక్ష హాల్లో జారిపోతాయి.

పిల్లల్ని తప్పు పట్టే ముందు మనం ఇంట్లో ఎలా మాట్లాడతామో కూడా చూడాలి. 2.15ను మనలో చాలామంది 'రెండు పాయింట్ పదిహేను' అని చదువుతాం. ఎత్తుల గురించి మాట్లాడేటప్పుడు '5.9 కన్నా 5.11 ఎక్కువ' అంటాం, ఎందుకంటే అక్కడ చుక్క తర్వాత ఉన్నవి అంగుళాలు. క్రికెట్‌లో 4.5 ఓవర్లంటే నాలుగు ఓవర్ల ఐదు బంతులు. దానికి 3.4 ఓవర్లు కలిపితే 8.3 అవుతుంది, ఎందుకంటే ఆరు బంతులకే ఓవర్ నిండుతుంది. గడియారంలో 2.30 అంటే రెండు గంటల ముప్పై నిమిషాలు. ఇలాంటి చోట్లన్నీ చుక్క నిజంగానే గోడ. పిల్లాడు రోజూ వినేవి ఇవే. కాబట్టి బడిలో దశాంశాలు మొదలయ్యేనాటికే చుక్క తర్వాతది వేరే సంఖ్య అన్న నమ్మకం స్థిరపడి ఉంటుంది. ఆ నమ్మకం అతను గాలిలోంచి తెచ్చుకున్నది కాదని మీరు గుర్తిస్తే కోపం సగం తగ్గుతుంది.

నా ఊహ సరైనదో కాదో మీరే తేల్చుకోవచ్చు. లెక్కలేమీ చేయించకుండా అతన్ని రెండే అడగండి. 0.4, 0.15లలో ఏది పెద్దది? 0.3, 0.45లలో ఏది పెద్దది? 0.15 పెద్దది, 0.45 పెద్దది అంటే నేను చెప్పిన గోడ ఆలోచనే. రెండో జవాబు ఒప్పే కదా అని వదిలేయొద్దు, 45 మూడు కన్నా పెద్దది అనుకుని చెప్పి ఉంటాడు. కొందరు పిల్లలు 0.4 పెద్దది, 0.3 పెద్దది అంటారు. అంకెలు తక్కువుంటే ముక్క పెద్దది అని వాళ్ల లెక్క, అది వేరే రకం పొరపాటు. అందుకే ఒక్క ప్రశ్నతో ఆగకుండా రెండూ అడగమన్నాను. ఏది చెప్పినా 'ఎందుకు' అని నెమ్మదిగా అడగండి, మధ్యలో సరిదిద్దకండి. అతను చెప్పే కారణమే మీకు కావాల్సింది.

ఇక సరిచేయడం. దీనికి నాకు బాగా నచ్చిన వస్తువు టైలర్ టేపు. మీటరున్నర టేపు ఇంట్లో ఉంటే చాలు. ఒక మీటరును పది సమాన భాగాలు చేస్తే ఒక్కో భాగం పది సెంటీమీటర్లు, అది మీటరులో పదో వంతు. దాన్ని మళ్లీ పది చేస్తే ఒక సెంటీమీటరు, అది మీటరులో వందో వంతు. ఇప్పుడు నేల మీద 0.4 మీటరు కొలిచి సుద్దముక్కతో గీత గీయమనండి. పక్కనే 0.15 మీటరు గీయమనండి. మొదటిది నలభై సెంటీమీటర్లు, రెండోది పదిహేను. గీసిన చేతికే తెలిసిపోతుంది ఏది పెద్దదో. మీరు చెప్పడం కన్నా ఇది ఎన్నో రెట్లు బలంగా పనిచేస్తుంది, ఎందుకంటే తన నమ్మకం తప్పని తన చేతే తేల్చుకుంటాడు.

ఆ తర్వాత అదే టేపుతో మీ మొదటి లెక్క చెయ్యండి. 3.4 మీటర్ల గుడ్డ, 2.15 మీటర్ల గుడ్డ కలిపితే ఎంత? అన్నిటినీ సెంటీమీటర్లలోకి మార్చమనండి. 340, 215 కలిపితే 555 సెంటీమీటర్లు, అంటే 5.55 మీటర్లు. ఇక్కడ దశాంశాలే లేవు, అతనికి బాగా వచ్చిన మామూలు కూడికే. జవాబు 5.19 రాలేదని చూసి అతనే ఆగుతాడు. ఆ ఆగిన క్షణంలో మీరు తొందరపడి వివరించకండి. 'ఏది తేడా వచ్చిందో నువ్వే చూడు' అని వదిలేయండి.

అప్పుడు కాగితం మీదకు రండి. నిలువు గీతలు గీసి పైన ఒకట్లు, పదో వంతులు, వందో వంతులు అని రాయించండి. 3 ఒకట్ల కింద, 4 పదో వంతుల కింద. 2 ఒకట్ల కింద, 1 పదో వంతుల కింద, 5 వందో వంతుల కింద. 3.4కు వందో వంతుల గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీ అంటే అక్కడ ఏమీ లేదని, కాబట్టి సున్నా రాయొచ్చు.

3.40
2.15
――
5.55

సున్నా దగ్గర చాలామంది పిల్లలకు ఒక అనుమానం వస్తుంది, కొందరు బయటికి చెప్పరు. 4 పక్కన సున్నా పెడితే 40 అవుతుంది, పది రెట్లు పెరుగుతుంది అని చిన్నప్పట్నించీ నేర్పాం కదా. ఇక్కడ పెరగదని ఎలా నమ్మడం? దీన్ని తేలిగ్గా దాటేయకూడదు. మామూలు సంఖ్యకు చివర సున్నా పెట్టినప్పుడు 4 ఒకట్ల స్థానం నుంచి పదుల స్థానానికి జరుగుతుంది, అందుకే విలువ పెరుగుతుంది. 3.4 చివర సున్నా పెట్టినప్పుడు 4 కదలదు, పదో వంతుల స్థానంలోనే ఉంటుంది. టేపు మీద నాలుగు పదో వంతులు, నలభై వందో వంతులు ఒకే గీత దగ్గర ఆగుతాయి. అదే సున్నాను చుక్కకు, 4కు మధ్యలో పెడితే మాత్రం 3.04 అవుతుంది, 4 ఒక స్థానం కిందికి దిగి విలువ తగ్గుతుంది. 3.4, 3.40, 3.04 మీటర్లు మూడింటినీ నేల మీద టేపుతో కొలిచి చూపించమని అడగండి. ఇలా స్థానాల సంఖ్య సమానం చేసినవాటినే పాఠ్యపుస్తకాల్లో సజాతి దశాంశాలు అంటారు. పేరు గుర్తుండకపోయినా నష్టం లేదు, సున్నా ఎందుకు పెడుతున్నామో తెలిస్తే చాలు.

1585లో సైమన్ స్టెవిన్ అనే గణితవేత్త యూరప్‌లో దశాంశాల పద్ధతిని ఒక చిన్న పుస్తకంలో వివరించినప్పుడు, ఇప్పుడు మనం పెట్టే చుక్క వాడలేదు. ప్రతి అంకె పక్కనా అది ఏ స్థానంలోదో తెలిపే గుర్తును చిన్న వృత్తంలో రాశాడు. ఒకట్ల పక్కన వృత్తంలో 0, పదో వంతుల పక్కన వృత్తంలో 1, వందో వంతుల పక్కన 2, ఇలా. రాయడానికి ఎక్కువ చోటు పడుతుంది నిజమే. కానీ ఏ అంకె ఎవరితో కలవాలో పొరపాటు పడే వీలే లేదు. మీ బాబు చేత కొన్నాళ్లు అలాగే రాయించి చూడండి. ఒకే గుర్తున్న అంకెలు మాత్రమే ఒక వరసలోకి రావాలి. పిల్లలకు ఇది సరదాగా కూడా ఉంటుంది.

దీనితో పాటు చదివే పద్ధతి మార్చండి. ఇంట్లో అందరూ 2.15ను 'రెండు పాయింట్ ఒకటి ఐదు' అనాలి. ఇంకా మంచిది, లెక్క చేసేటప్పుడు 'రెండు ఒకట్లు, ఒక పదో వంతు, ఐదు వందో వంతులు' అని పైకి అనిపించడం. మొదట్లో నత్తనడకలా అనిపిస్తుంది, ఓపిక పట్టండి.

కూడికలో ఇంకొక చోట ఇదే గోడ అడ్డొస్తుంది. 0.7 + 0.5 అడిగితే 0.12 అంటారు. ఏడు పదో వంతులు, ఐదు పదో వంతులు కలిస్తే పన్నెండు పదో వంతులు. పది పదో వంతులు చేరితే ఒక ఒకటి. కాబట్టి 2 వేసి చేతిలో ఒకటి, ఆ ఒకటి చుక్కను దాటి ఒకట్లలోకి వెళ్లాలి. 1.2. ఒకట్లలో పది చేరితే పదుల్లోకి వెళ్లినట్టే ఇదీ. చుక్క దగ్గర దారేమీ మూసుకుపోలేదు. 'చేతిలో ఉన్నది చుక్క దాటుతుంది' అన్న మాట పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే చాలామందికి ఆ అనుమానం ఉంటుంది కానీ అడగరు.

తీసివేత కొంచెం కష్టం, ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. 6 − 2.38 చెయ్యబోయే ముందు జవాబు సుమారు ఎంత ఉండొచ్చో నోటితో చెప్పించండి. 6లోంచి 2 తీస్తేనే 4 మిగులుతుంది. ఇంకా కొంచెం తీయాలి కాబట్టి 4 కన్నా తక్కువే రావాలి. ఈ మాట ముందే అనుకున్న పిల్లాడు 4.38 వేసి ఊరుకోడు. కూడికకైనా తీసివేతకైనా ఈ అలవాటు చేయిస్తే సగం తప్పులు కాగితం మీదే ఆగిపోతాయి. పరీక్షలో దీనికి పట్టే టైం కొన్ని సెకన్లే.

ఇక 6లో చుక్కే లేదు కదా, ఎక్కడ పెట్టాలి? 6 అంటే ఆరు ఒకట్లు. చుక్క ఎప్పుడూ ఒకట్ల వెనకే ఉంటుంది, అవసరం లేనప్పుడు రాయం. ఇప్పుడు అవసరం వచ్చింది కాబట్టి 6.00 అని రాస్తాం. వందో వంతుల్లో 0లోంచి 8 పోదు. పక్కన పదో వంతుల్ని అప్పు అడిగితే అక్కడా సున్నానే. అందుకే ఒకట్ల దగ్గరికే వెళ్లాలి. 6లోంచి ఒకటి విడదీస్తే 5 మిగిలింది. ఆ ఒకటి పది పదో వంతులైంది. అందులోంచి ఒకటి విడదీస్తే తొమ్మిది పదో వంతులు మిగిలాయి, విడదీసింది పది వందో వంతులైంది. ఇప్పుడు 10లో 8 పోతే 2, 9లో 3 పోతే 6, 5లో 2 పోతే 3. జవాబు 3.62.

అప్పు రెండు మెట్లు దిగాల్సి వచ్చే ఇలాంటి లెక్కల్లో నేను పిల్లలకు ఒక సులువు చెప్పేవాణ్ణి. రెండు సంఖ్యల్లోంచీ సమానంగా ఒక వందో వంతు తీసేస్తే వాటి మధ్య తేడా మారదు. 6.00 కాస్తా 5.99 అవుతుంది, 2.38 కాస్తా 2.37 అవుతుంది. 5.99లోంచి 2.37 తీయడానికి అప్పు అవసరమే రాదు. 3.62. అలాగే 10 − 3.47 ఇస్తే 9.99 − 3.46 చేసుకుంటే 6.53 వచ్చేస్తుంది. అయితే అప్పు పద్ధతి అర్థమయ్యాకే ఇది చెప్పండి. ముందే చెప్తే ఇదీ ఇంకో బట్టీ సూత్రమే అవుతుంది.

దుకాణంలో చిల్లర లెక్కపెట్టినట్టు పైకి ఎక్కుతూ పోయే పద్ధతి కూడా ఉంది. 2.38 నుంచి 2.40కి 0.02, అక్కడి నుంచి 3కి 0.6, 3 నుంచి 6కి 3. మొత్తం 3.62. నోటి లెక్కకు ఇదే హాయి. ఏ పద్ధతిలో చేసినా చివర్లో 3.62కు 2.38 కలిపి 6 వస్తోందో లేదో చూసుకోవాలి.

డబ్బుతో నేర్పితే త్వరగా వస్తుందని చాలామంది అంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. 1957 ఏప్రిల్ 1న రూపాయిని వంద నయా పైసలుగా మార్చాక మన డబ్బు దశాంశ పద్ధతిలోకి వచ్చింది. అంతకు ముందు రూపాయికి పదహారు అణాలు. పైసలు చేతిలో ఆడిన తరాలకు ఆ ఉదాహరణ బాగా పనికొచ్చింది. కానీ పావలా, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30తో చలామణీలోంచి వెళ్లిపోయాయి. ఈనాటి పిల్లలకు పైసలంటే బిల్లు చివర కనిపించే అంకెలే. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 3 రూపాయల 40 పైసలు అని రెండు ముక్కలుగా చదవడంతో, డబ్బే ఆ గోడను ఇంకా గట్టిపరుస్తుంది. డబ్బులో చుక్క తర్వాత ఎప్పుడూ రెండు అంకెలే రాస్తాం కాబట్టి 3.4, 2.15 లాంటి చిక్కు అక్కడ ఎదురే కాదు. డబ్బు లెక్కలన్నీ ఒప్పు చేసి, మామూలు దశాంశాలన్నీ తప్పు చేసే పిల్లలు ఉండేది అందుకే. కాలిక్యులేటర్‌లో 12.5 వస్తే పన్నెండు రూపాయల ఐదు పైసలు అనేది కూడా వాళ్లే.

దానికన్నా కిరాణా కొట్టులోని ఎలక్ట్రానిక్ కాటా మేలు. దాని మీద పావు కిలో 0.250 అని, అర కిలో 0.500 అని వస్తుంది. బాబును వెంట తీసుకెళ్లి కాటా చూడమనండి. కిలోన్నర కందిపప్పు, పావు కిలో మినప్పప్పు కొని 1.5 + 0.250 అడగండి. 5కు 250 కలిపితే 1.255 వస్తుంది. రెండు పొట్లాలూ కలిపి కాటా మీద పెడితే 1.750 కనిపిస్తుంది. వాదన అక్కర్లేదు.

మీరు ఏ ప్రాంతం వాళ్లో రాయలేదు. భూమి లెక్కల మాట మాత్రం తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ఇది పెద్దవాళ్లను కూడా ముంచుతుంది. ఆంధ్రలో భూమిని ఎకరాలు, సెంట్లలో చెప్తారు. ఎకరానికి 100 సెంట్లు కాబట్టి 1.25 అంటే నిజమైన దశాంశమే. ఎకరం పాతిక సెంట్లు, అంటే ఎకరమూ పావు. తెలంగాణలో ఎకరాలు, గుంటలు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. అక్కడ 1.25 అని రాస్తే ఎకరం పాతిక గుంటలు, అంటే ఎకరంన్నర దాటిన భూమి. అర ఎకరం ఆంధ్ర కాగితంలో 0.50, తెలంగాణ కాగితంలో 0.20. ఇప్పుడు 1.25కు 0.30 కలపండి. సెంట్లయితే 1.55. గుంటలయితే 25, 30 కలిసి 55 గుంటలు, అందులో 40 పోతే ఎకరం, మిగిలింది 15 గుంటలు, కాబట్టి 2.15. తీసివేతలోనూ అంతే. 3.10లోంచి 1.25 పోతే సెంట్లలో 1.85. గుంటల్లో 10లోంచి 25 పోదు కాబట్టి ఒక ఎకరాన్ని 40 గుంటలుగా విడదీస్తాం, 50లోంచి 25 పోతే 25, జవాబు 1.25.

అన్నదమ్ముల పంపకాల్లో కాలిక్యులేటర్ నొక్కి 1.25కు 0.30 కలిపితే 1.55 అని వేసుకుని, ఎకరానికి 40 గుంటలే ఉన్నప్పుడు 55 గుంటలు ఎలా వచ్చాయో తెలియక గొడవ పడేవాళ్లు ఉన్నారు. కాలిక్యులేటర్‌కు దశాంశాలే తెలుసు, గుంటలు తెలియవు. పిల్లాడికి కూడా ఇదే చెప్పండి. ఎన్ని చేరితే పక్క గడిలోకి వెళ్లాలి అన్న ప్రశ్నకు జవాబు పది అయితేనే అది దశాంశ బిందువు. బంతుల్లో ఆరు, నిమిషాల్లో అరవై, అంగుళాల్లో పన్నెండు, గుంటల్లో నలభై అయితే అది వట్టి విడదీసే గుర్తు. ఈ ప్రశ్న అడగడం నేర్చుకున్న పిల్లాడు 5.11 ఎత్తు దగ్గర ఇక తికమక పడడు.

పెద్ద పిల్లలకు, ఆటలంటే ఇష్టమున్నవాళ్లకు పరుగు పందేల టైములు ఇస్తాను. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి 2024 మేలో జపాన్‌లోని కోబేలో, పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీల్లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు సాధించింది. అంతకు ముందు రికార్డు 55.12. ఎంత తేడాతో? 12లోంచి 7 పోతే 5 కాబట్టి 0.5 అనేవాళ్లు ఎంతమందో. అసలు తేడా 0.05. అర సెకను ఎక్కడ, సెకనులో ఇరవయ్యో వంతు ఎక్కడ!

విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌లో ఇంకా మంచి లెక్కలు ఇస్తుంది. 2002 నుంచి ఉన్న జాతీయ రికార్డు 13.38 సెకన్లు. ఆమె 2022లో దాన్ని 13.23కు, 2023లో చైనాలోని చెంగ్డూలో 12.78కి తగ్గించింది. 13.38లోంచి 12.78 తీయమంటే గోడ కట్టుకున్న పిల్లాడు 1.40 అంటాడు, 13లో 12 పోతే 1, 78లో 38 పోతే 40 అని పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి. సరైన జవాబు 0.60. పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత 12.77. 2024 మేలో ఆమె మళ్లీ 12.78 పరుగెత్తి 0.01 సెకను తేడాతో ఆ గీత దాటలేకపోయింది, తర్వాత ర్యాంకింగ్‌తో వెళ్లింది. ఒక వందో వంతు అంటే ఏమిటో పిల్లలకు ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

స్థానాలు బాగా అలవాటయ్యాక బంగారం బిల్లుకు రండి. నగ మొత్తం బరువులోంచి రాళ్ల బరువు తీసేస్తే నెట్ వెయిట్. 24.35 గ్రాముల నగలో రాళ్లు 1.286 గ్రాములు అనుకుందాం. పైన రెండు స్థానాలు, కింద మూడు. 24.350 అని రాసుకుంటే 23.064 గ్రాములు. ఆ సున్నా పెట్టకపోతే చివరి 6ను ఏం చెయ్యాలో తెలియక అలాగే దింపేసి 23.076 అని వేస్తారు. నాలుగైదు సంఖ్యలు ఒకేసారి ఇచ్చినా ఇదే దారి. 4.75 + 12 + 0.3 + 1.085 ఇస్తే మూడు స్థానాలున్న దాన్ని చూసి మిగతావన్నీ మూడుకు తెచ్చుకోవాలి. 4.750, 12.000, 0.300, 1.085. మొత్తం 18.135.

అభ్యాసం విషయంలో ఒక మాట. పుస్తకాల్లోని లెక్కల్లో ఎక్కువ భాగం 2.3 + 4.5 లాంటివి ఉంటాయి. వీటిని గోడ పద్ధతిలో చేసినా 6.8 వస్తుంది, సరైన పద్ధతిలో చేసినా 6.8 వస్తుంది. టిక్కులు పడతాయి, లోపం దాక్కుని ఉంటుంది. మీ బాబు ఇంతకాలం ఎవరి కంటా పడకపోవడానికి కారణం బహుశా ఇదే. కాబట్టి పేజీల కొద్దీ చేయించకండి. తప్పుగా ఆలోచిస్తే తప్పుగానే బయటపడే లెక్కలు రోజుకు ఆరు చాలు. మొదటి రోజుకు ఇవి ఇవ్వండి: 0.8 + 0.15, 1.9 + 0.25, 2.06 + 0.4, 7 − 0.6, 4.2 − 1.75, 10 − 0.04.

సరైన జవాబులు వరసగా 0.95, 2.15, 2.46, 6.4, 2.45, 9.96. గోడ ఇంకా ఉంటే 0.23, 1.34, 2.10, 7.6, 3.73, 10.04 లాంటివి వస్తాయి. ఇవి కనిపిస్తే ఇంటు కొట్టకండి. 0.8కు ఇంకొంచెం కలిపితే 0.23కు ఎలా తగ్గింది, 10లోంచి తీస్తే 10.04కు ఎలా పెరిగింది అని అడిగి టేపు చేతికివ్వండి. మూడో దాంట్లో 2.10, ఆరో దాంట్లో 10.04 మాత్రమే వచ్చి మిగతావన్నీ ఒప్పయితే, గోడ పోయిందని, మధ్యలో వచ్చే సున్నా దగ్గర మాత్రమే ఇబ్బంది మిగిలిందని అర్థం. అప్పుడు 3.4, 3.04 తేడా దగ్గరికి మళ్లీ వెళ్లండి. ఆరూ ఒప్పయితే, ఏదో ఒకటి తీసుకుని ఎందుకలా చేశాడో వివరించమనండి. పదో వంతులు, వందో వంతులు అన్న మాటలు అతని నోటి నుంచే వస్తే ఇక పరీక్ష గురించి మీరు టెన్షన్ పడక్కర్లేదు.